పాత బోర్డు, పెద్ద డిస్కు

ఇంట్లో పదేళ్ళు దాటిన కంప్యూటరు ఉంది. శుభ్రంగా పనిచేస్తోంది. ఫోన్లలో పేరుకుపోయిన ఫొటోలు, పిల్లల స్కూలు వార్షికోత్సవాల వీడియోలు, పెళ్ళి ఆల్బమ్‌లు అన్నీ ఒకచోట దాచుకుందామని నాలుగు టెరాబైట్ల హార్డ్ డిస్కు కొనాలనుకున్నారు. షాపులో అడిగితే ఒకరు ‘మీ బోర్డు రెండు టీబీ దాకానే తీసుకుంటుందండీ’ అంటారు. పక్క షాపాయన ‘ఏం పరవాలేదు, పెట్టేయండి’ అంటాడు. ఇద్దరు చెప్పినదాంట్లోనూ కొంత నిజం ఉంది. ‘సపోర్ట్ చేస్తుందా’ అనే మాటలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉండటమే ఈ తికమకకు కారణం. బోర్డు ఆ డిస్కును గుర్తిస్తుందా? ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని చివరి బైటు దాకా వాడుకోగలదా? కంప్యూటరు ఆ డిస్కు మీదనుంచే బూట్ అవ్వాలా?

ఈ మూడింటినీ విడివిడిగా అడగండి. సాటా పోర్టులున్న పాత బోర్డుల్లో చాలావాటికి మొదటి ప్రశ్నకు జవాబు ‘అవును’. రెండోదానికి జవాబు విండోస్ వెర్షన్ మీదా, డ్రైవరు మీదా ఆధారపడుతుంది. ఇబ్బంది ఎక్కువగా వచ్చేది మూడోదాని దగ్గరే. ఫొటోలు దాచుకోవడానికి కొనే డిస్కుకి ఆ మూడో అవసరమే ఉండదు. ఇది తెలియక నిక్షేపంలాంటి కంప్యూటర్లను పాత సామాన్లవాళ్ళకు ఇచ్చేస్తున్నారు. అందుకే ఈ విషయానికి ఒక అధ్యాయం కేటాయించాను.

హద్దు ఎక్కడ పడుతుంది

డిస్కు మీది స్థలమంతా సెక్టార్లుగా విభజించి ఉంటుంది. కంప్యూటరు లెక్కలో ఒక్కో సెక్టారు 512 బైట్లు, ప్రతి సెక్టారుకూ ఒక నంబరు. ఆ నంబరు రాయడానికి ఎన్ని బిట్లు కేటాయించారో దాన్నిబట్టే హద్దు పడుతుంది. ఒక ఫారంలో డోరు నంబరుకి నాలుగే గళ్ళు ఉన్నాయనుకోండి. 9999 దాకా ఏ చిక్కూ లేదు. 10025వ ఇంటికి ఉత్తరం వేయాల్సి వస్తే ముందున్న ఒకటికి గడి చాలదు, మిగిలేది 0025. ఉత్తరం ఇరవై అయిదో ఇంటికి వెళ్ళిపోతుంది, అదీ ‘చిరునామా తప్పు’ అని ఎవరూ చెప్పకుండానే. ఈ చివరి ముక్కను గుర్తు పెట్టుకోండి, డేటా పోయేది ఇలాగే.

1990ల్లో 528 ఎంబీ దగ్గర ఒక హద్దు, 8.4 జీబీ దగ్గర ఇంకొకటి, అవార్డ్ కంపెనీ చేసిన కొన్ని బయోస్‌లలో (కంప్యూటరు ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రామే బయోస్) 33.8 జీబీ దగ్గర మరొకటి ఉండేవి. ఆ బోర్డులు ఇవాళ మీ దగ్గర ఉండే అవకాశం తక్కువ కాబట్టి వాటి జోలికి వెళ్ళను. ఇప్పటికీ తగిలే హద్దులు రెండు.

మొదటిది 137 జీబీ. పాత ఐడీఈ పద్ధతిలో సెక్టారు నంబరుకి 28 బిట్లే. అంటే 26.84 కోట్ల సెక్టార్లు, ఒక్కోటీ 512 బైట్లు, మొత్తం 137 జీబీ. 2002లో వచ్చిన ఏటీఏ-6 ప్రమాణం దీన్ని 48 బిట్లకు పెంచింది. సాటా పోర్టులు మార్కెట్లోకి వచ్చింది ఆ తరవాతే. అందువల్ల బోర్డు మీద సాటా పోర్టు ఉంటే ఈ హద్దు గురించి దాదాపు దిగులు పడక్కర్లేదు. వెడల్పాటి పట్టీలాంటి కేబులు తగిలించే 40 పిన్నుల ఐడీఈ కనెక్టరు ఒక్కటే ఉంటే మాత్రం అడగాల్సిన ప్రశ్నే. విండోస్ ఎక్స్‌పీకి కూడా 137 జీబీ దాటడం సర్వీస్ ప్యాక్ 1తోనే వచ్చింది. అసలు ఎక్స్‌పీ సీడీతో ఇన్‌స్టాల్ చేస్తే 500 జీబీ డిస్కు కూడా 127 జీబీగానే కనిపిస్తుంది.

రెండోది 2.2 టీబీ, ఇప్పుడు అందరికీ ఎదురయ్యేది. మన లెక్కలో చెప్పాలంటే ఒక టెరాబైటు లక్ష కోట్ల బైట్లు. 32 బిట్లతో రాయగలిగే నంబర్లు 429 కోట్ల పైచిలుకు. వాటిని 512తో గుణిస్తే 2.199 లక్షల కోట్ల బైట్లు వస్తాయి, అదే 2.2 టీబీ. ఈ 32 బిట్ల లెక్క ఎక్కడుందో తెలిస్తే సగం భయం పోతుంది. అది సాటా కేబుల్లో లేదు, బోర్డు మీది సాటా కంట్రోలర్లో మామూలుగా ఉండదు. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ అనే పార్టిషన్ పట్టికలో ఉంది. కొన్ని పాత డ్రైవర్లలో, పాత బయోస్ ప్రోగ్రాముల్లో, పాత యూఎస్‌బీ డబ్బాల లోపలి చిప్పుల్లో ఉంది. పట్టికను మార్చుకోవచ్చు, డ్రైవరునూ మార్చుకోవచ్చు. బయోస్‌తో పని లేకుండా చేసుకోవచ్చు.

ముందు బోర్డు పేరు

కంప్యూటరు ఎప్పుడు కొన్నారన్నది ఆధారంగా పెట్టుకోకండి. జీ41 చిప్‌సెట్ 2008 నాటిది, కానీ ఆ చిప్‌సెట్‌తో చేసిన బోర్డులు మన బజార్లలో ఆ తరవాత ఏళ్ళ తరబడి కొత్త డబ్బాల్లోనే అమ్ముడయ్యాయి. హెచ్61 సంగతీ అంతే. బిల్లు మీది తేదీ కంటే బోర్డు డిజైను ఏ ఏడాదిదన్నదే ముఖ్యం.

బోర్డు పేరు తెలుసుకోవడానికి క్యాబినెట్ విప్పక్కర్లేదు. విండోస్ 10లో రన్ బాక్సు తెరిచి ఎంఎస్‌ఇన్ఫో32 అని ఇంగ్లీషు అక్షరాల్లో ఖాళీ లేకుండా కొట్టండి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ కిటికీలో బేస్‌బోర్డ్ ప్రొడక్ట్, బయోస్ వెర్షన్-డేట్, బయోస్ మోడ్ అనే మూడు వరసలు కనిపిస్తాయి. మూడూ కాగితం మీద రాసుకోండి. విండోస్ 7, 8లలో బోర్డు పేరు అక్కడ దొరకకపోవచ్చు, సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాములో మెయిన్‌బోర్డ్ ట్యాబు చూడండి. లినక్స్‌లో డీఎంఐడీకోడ్ కమాండు అదే పని చేస్తుంది. కంప్యూటరు అసలు ఆన్ కావడం లేదంటే క్యాబినెట్ విప్పి చూడాల్సిందే. పేరు సాధారణంగా ర్యామ్ స్లాట్లకూ పీసీఐ స్లాట్లకూ మధ్య పెద్ద అక్షరాల్లో అచ్చయి ఉంటుంది, ఓ మూల రివిజన్ నంబరు చిన్నగా ఉంటుంది. ఆ రివిజన్ కూడా రాసుకోండి. ఒకే పేరుతో వచ్చిన రెండు రివిజన్లకు బయోస్ ఫైళ్ళు వేరువేరుగా ఉండొచ్చు.

పేరు దొరికాక కంపెనీ సైటులో ఆ బోర్డు మాన్యువల్, బయోస్ పేజీ చూడండి. ఇక్కడ చాలామంది తప్పు అర్థం చేసుకునే చోటు ఒకటుంది. 2008లో అచ్చయిన మాన్యువల్‌లో 4 టీబీ గురించి ఏమీ ఉండదు. అప్పటికి 3 టీబీ డిస్కు కూడా పుట్టలేదు, అది వచ్చింది 2010లో. మాన్యువల్‌లో లేదంటే కుదరదని కాదు. బయోస్ పేజీలో ప్రతి వెర్షన్‌కూ పక్కన ఏం మార్చారో ఒకటి రెండు వాక్యాలు రాస్తారు. అక్కడ 2.2 టీబీ అనో, 3 టీబీ అనో, పెద్ద హార్డ్ డిస్కు అనో ప్రస్తావన ఉంటే ఆ వెర్షన్ మీకు పనికొస్తుంది. అలాంటి మాట ఏదీ లేకపోతే ‘కొత్తది కదా’ అని బయోస్ అప్‌డేట్ చేయకండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవదు. తప్పనిసరై చేస్తుంటే యూపీఎస్ మీద పెట్టి, దాని బ్యాటరీ నిలుస్తోందో లేదో చూసుకుని మరీ చేయండి. ఫైలు కంపెనీ సైటులోంచే తీసుకోవాలి. ఇంటెల్ 2013లో డెస్క్‌టాప్ బోర్డుల తయారీనుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, 2019లో పాత బోర్డుల బయోస్ ఫైళ్ళను తన సైటునుంచి తీసేసింది. ఇలాంటి బోర్డులకు ఎవరో ఎక్కడో పెట్టిన ఫైలు వెతికి ఎక్కించడం కంటే, ఉన్న బయోస్‌తోనే సర్దుకునే దారి చూడటం మేలు. అలాంటి దారి ఉంది.

జీ41 మీద నాలుగు టీబీ

మన ఊళ్ళలో ఇప్పటికీ ఎక్కువగా కనపడే పాత కంప్యూటరు జీ31 లేదా జీ41 బోర్డు, కోర్ 2 డ్యూయో లేదా పెంటియం డ్యూయల్ కోర్ ప్రాసెసరు. రెండిట్లోనూ డిస్కుల సంగతి చూసుకునేది ఐసీహెచ్7 అనే చిప్పు. దానికి 48 బిట్ల చిరునామాలు తెలుసు. కాబట్టి మొదటి ప్రశ్న తీరిపోయింది. బయోస్ తెరమీద మాత్రం 4 టీబీ డిస్కు 1801 జీబీ అని కనిపించవచ్చు. కంగారు పడకండి. 4 టీబీలోంచి 2.2 టీబీ తీసేస్తే మిగిలేది అదే, బయోస్ తన 32 బిట్ల లెక్కలో పై అంకెను వదిలేసింది. విండోస్ గానీ లినక్స్ గానీ ఒకసారి బూట్ అయ్యాక డిస్కుతో నేరుగా తమ డ్రైవర్ల ద్వారానే మాట్లాడతాయి, బయోస్‌ను సంప్రదించవు. పెద్ద డిస్కు తగిలిస్తే తెర దగ్గరే ఆగిపోయే బయోస్‌లు కూడా కొన్ని ఉన్నాయి. మీది అలాంటిదైతే ఆ దారి మూసుకున్నట్టే, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో పెట్టే సాటా కార్డు ఒకటి తీసుకోండి. ఏఎస్‌మీడియా 1061 చిప్పుతో వచ్చే చిన్న కార్డులు పెద్ద డిస్కులను ఇబ్బంది లేకుండా నడుపుతాయి.

రెండో ప్రశ్నకు విండోస్ వెర్షన్ చూడాలి. 2.2 టీబీ దాటాలంటే డిస్కు మీద ఎంబీఆర్ బదులు జీపీటీ పట్టిక ఉండాలి. విండోస్ విస్టా, 7, ఆ తరవాతవన్నీ 32 బిట్లవైనా 64 బిట్లవైనా జీపీటీ డిస్కును డేటా కోసం వాడుకోగలవు. 32 బిట్ల ఎక్స్‌పీ వాడలేదు. లినక్స్‌కు ఏ చిక్కూ లేదు.

డిస్కు తగిలించి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కొత్త డిస్కును ఇనీషియలైజ్ చేయమని అడుగుతూ ఎంబీఆర్, జీపీటీ రెండూ చూపిస్తుంది. జీపీటీ ఎంచుకోండి. ఇప్పుడు మొత్తం ఎంత చూపిస్తోందో జాగ్రత్తగా చదవండి. 3726 జీబీ దగ్గర చూపిస్తే అంతా వచ్చినట్టే. కంపెనీ పదుల లెక్కలో 4 టీబీ అంటుంది, విండోస్ 1024ల లెక్కలో చూపిస్తుంది, తేడా అంతే. అలా కాకుండా 2048 జీబీ ఒక ముక్కగా, 1678 జీబీ ఇంకో ముక్కగా విడిపోయి కనిపించి, రెండో ముక్కలో పార్టిషన్ చేసే మార్గం లేకపోతే డిస్కు మీద ఎంబీఆర్ పడిందని అర్థం. డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే దాన్ని జీపీటీగా మార్చుకుంటే సరి. మొత్తం కలిపి 1678 జీబీ మాత్రమే కనిపిస్తే, 3 టీబీ డిస్కు అయితే 746 జీబీ మాత్రమే కనిపిస్తే, అది వేరే సంగతి. మధ్యలో ఎవరో సెక్టారు నంబరులో పై అంకెను కోసేస్తున్నారు. చాలాసార్లు అది డ్రైవరు. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవరు 10.1 కంటే పాతదైతే ఇలాగే చేస్తుంది. కొత్త డ్రైవరు వేసి, అంకె సరి అయ్యేదాకా ఆ డిస్కు మీద ఒక్క ఫైలు కూడా పెట్టకండి.

కొన్ని కంపెనీలు ఈ హద్దు దాటించడానికి సొంత ప్రోగ్రాములు ఇచ్చాయి. గిగాబైట్‌ది 3టీబీ ప్లస్ అన్‌లాక్, ఆసుస్‌ది డిస్క్ అన్‌లాకర్. మిగిలిన స్థలాన్ని ఇవి వేరే డిస్కులా చూపిస్తాయి. పనిచేస్తాయి, కానీ వాడమని చెప్పను. రేపు బోర్డు పోయి డిస్కును వేరే కంప్యూటరుకు తగిలిస్తే ఆ రెండో భాగంలోని ఫొటోలు మామూలుగా తెరుచుకోవు. జీపీటీ అయితే ఎక్కడైనా తెరుచుకుంటుంది.

నింపి చూడండి

ఈ అధ్యాయంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. డిస్కు గుర్తించకపోవడం పెద్ద ప్రమాదమేమీ కాదు, వెనక్కిచ్చి వస్తారు. అసలు ప్రమాదం డిస్కు పూర్తిగా కనిపిస్తూ, హద్దు దాటిన తరవాత రాసింది డిస్కు మొదట్లోకి వెళ్ళి పడటం. 2.2 టీబీ నిండేదాకా అంతా బాగుంటుంది. ఓ ఏడాదో రెండేళ్ళో పట్టవచ్చు. ఆ పైన పెట్టిన మొదటి ఫైలు పోయి డిస్కు ఆరంభంలో ఉన్న పార్టిషన్ పట్టిక మీదా, ఫైళ్ళ జాబితా మీదా పడుతుంది. మర్నాడు డిస్కు ఖాళీ అంటుంది. అప్పటికి ఫోన్లలో ఆ ఫొటోలు ఎప్పుడో చెరిపేసి ఉంటారు.

అందుకని డిస్కు కొన్న వారంలోనే, ఇంకా ఏమీ పెట్టకముందే, దాన్ని మొత్తం నింపి చదివి చూడాలి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 ఈ పని చేసే ఉచిత ప్రోగ్రాములు. ఖాళీ ఉన్నంత మేరా తమకు తెలిసిన డేటా రాస్తాయి, తరవాత మొదటినుంచి చదివి రాసిందే ఉందా అని సరిపోలుస్తాయి. సెకనుకు 150 ఎంబీ వేగమున్న డిస్కైతే 4 టీబీ రాయడానికి ఏడున్నర గంటలు, చదవడానికి ఇంచుమించు అంతే. రాత్రి పెట్టి పడుకుంటే మర్నాడు మధ్యాహ్నానికి తేలుతుంది. రాయడం అయ్యాక, చదివే ముందు కంప్యూటరును ఒకసారి పూర్తిగా ఆపి మళ్ళీ ఆన్ చేయండి. జ్ఞాపకంలో మిగిలిన నకలు చూసి మోసపోకుండా ఉంటారు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూలో ముందు రాసిన ఫైళ్ళను తరవాత విడిగా సరిచూసే వీలుంది, ఎఫ్3లో రాయడం, చదవడం ఎలాగూ రెండు వేరు కమాండులే. ఒక్క తప్పూ లేకుండా చివరిదాకా వస్తే ఆ బోర్డు, ఆ డ్రైవరు, ఆ డిస్కు మూడూ కలిసి పనిచేస్తున్నాయని ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా మీకే తెలుస్తుంది. ఇంత సమయం పెట్టడం దండగని అనిపించవచ్చు. పిల్లల బాల్యమంతా పెట్టబోయే చోటుకి ఒక రాత్రి పరీక్ష ఎక్కువేమీ కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అదే డిస్కు మీదనుంచి బూట్ కావాలంటే

పాత బయోస్ ఉన్న కంప్యూటర్లో విండోస్ జీపీటీ డిస్కు మీదనుంచి బూట్ కాదు. దానికి బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఉండాలి, 64 బిట్ల విండోస్ ఉండాలి. 2011లో సాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లతో వచ్చిన బోర్డులనుంచి యూఈఎఫ్ఐ మామూలైంది, అయినా ఆ తొలి బోర్డుల్లో కొన్ని పాత అవార్డ్ బయోస్‌తోనే వచ్చాయి. ఇందాక రాసుకున్న బయోస్ మోడ్ వరసలో ‘లెగసీ’ అని ఉంటే యూఈఎఫ్ఐ లేదని తేల్చేయకండి. ఇప్పుడున్న విండోస్ ఏ పద్ధతిలో బూట్ అయిందన్నదే అది చెబుతుంది. సెటప్ తెర తెరిచి బూట్ జాబితాలో యూఈఎఫ్ఐ అన్న మాట ఉందేమో చూడండి.

లేకపోతే 120 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని విండోస్ దాని మీద వేయండి, పెద్ద డిస్కును డేటాకే ఉంచండి. ఎస్‌ఎస్‌డీ మీద ఎంబీఆర్, పెద్దదాని మీద జీపీటీ, రెండూ ఒకే కంప్యూటర్లో హాయిగా కలిసి ఉంటాయి. పైగా పాత కంప్యూటరు వేగం చూసి మీరే ఆశ్చర్యపోతారు. లినక్స్ అయితే పాత బయోస్‌తో కూడా జీపీటీ డిస్కునుంచి బూట్ అవుతుంది. లినక్స్‌ను బూట్ చేసే గ్రబ్ ప్రోగ్రాము కోసం బయోస్ బూట్ అనే 1 ఎంబీ చిన్న పార్టిషన్ చేసి, బూట్ ఫైళ్ళను డిస్కు మొదటి భాగంలోనే ఉంచాలి.

డిస్కు అసలు తిరగకపోతే

తగిలించగానే డిస్కు చప్పుడే చేయకపోతే బోర్డును అనుమానించకండి. కొత్త డిస్కుల్లో కొన్నిటికి, ముఖ్యంగా సర్వర్ల కోసం చేసినవాటికి, సాటా పవర్ కనెక్టరులోని మూడో పిన్ను ద్వారా డిస్కును ఆపే సదుపాయం ఉంది. పాత ఎస్‌ఎంపీఎస్‌లు అదే పిన్నుకు 3.3 వోల్టులు పంపుతాయి, డిస్కు దాన్ని ‘ఆగు’ అనే ఆజ్ఞగా తీసుకుంటుంది. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే కేబులు వాడితే 3.3 వోల్టుల తీగే ఉండదు, డిస్కు తిరుగుతుంది. డిస్కు తిరుగుతూ కూడా కనిపించకపోతే, బోర్డు మీద వయా వీటీ8237 చిప్పు ఉందేమో చూడండి. అది 3 గిగాబిట్ల సాటా డిస్కులతో మాట్లాడలేదు. డిస్కు వెనక 1.5 గిగాబిట్లకు తగ్గించే జంపరు ఉంటే పెట్టాలి, లేకపోతే ఇందాక చెప్పిన కార్డే దారి.

కొనేటప్పుడు, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో అయినా, మీ ఊరి షాపులో అయినా, రెండు విషయాలు అడగండి. సెక్టారు రకం 512ఈ, అంటే కంప్యూటరుకు 512 బైట్ల సెక్టార్లుగా కనిపించేది, అయి ఉండాలి. సెక్టార్లను 4096 బైట్లుగానే చూపించే 4కేఎన్ రకం డిస్కులను విండోస్ 7 వాడుకోలేదు. పరీక్షలో నెగ్గకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో బిల్లు మీద రాయించుకోండి.

యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వాడదామనుకునేవారికి రెండు మాటలు. పాత డబ్బాల్లో చాలావాటికి 2 టీబీయే హద్దు. కొన్ని కంపెనీల డబ్బాలు ఎక్స్‌పీలో కూడా పెద్ద డిస్కు కనిపించేందుకు సెక్టారును 4096 బైట్లుగా మార్చి చూపిస్తాయి. అలాంటి డబ్బాలోంచి డిస్కు తీసి నేరుగా బోర్డుకు తగిలిస్తే పార్టిషన్లు కనిపించవు. డేటా ఎక్కడికీ పోలేదు, మళ్ళీ అదే డబ్బాలో పెడితే కనిపిస్తుంది.

అంతా పనిచేశాక బోర్డు పేరు, డ్రైవరు వెర్షన్, ‘4 టీబీ, జీపీటీ’ అని ఒక చీటీ రాసి క్యాబినెట్ లోపల అతికించండి. రెండేళ్ళకు ఎవరో వచ్చి విండోస్ మళ్ళీ ఎక్కిస్తారు. పాత డ్రైవరు పడి డిస్కు 1678 జీబీగా, ఖాళీగా కనిపించవచ్చు. పాత ఎక్స్‌పీ కంప్యూటరుకు తగిలిస్తే ‘జీపీటీ ప్రొటెక్టివ్ పార్టిషన్’ అని వస్తుంది. అప్పుడు ఇనీషియలైజ్ చేయమని గానీ, ఫార్మాట్ చేయమని గానీ విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కాలని, ముందు డ్రైవరు మార్చి చూడాలని కూడా ఆ చీటీ మీద పెద్ద అక్షరాల్లో రాయండి.